ఆ బిడ్డకు పేరు పెట్టిందెవరు?

పోయిన సంచికలో ఇదే శీర్షికలో, చారిత్రక ఫాంటసీ రాసేవాళ్ళు కథాకాలాన్ని ఎలా తేల్చుకోవాలో మాట్లాడుకున్నాం. ఆ తర్వాత వచ్చిన ఉత్తరాల్లో చాలా వరకు ఒకటే అడిగాయి: కాలం కుదిరింది, మరి పాత్రలకు పేర్లు ఎలా? ముప్పై ఒక్క ఏళ్ళు కడప జిల్లా బడుల్లో తెలుగు చెప్పాను. రోజూ పొద్దున హాజరుపట్టీ చదువుతూ ఎన్ని వేల పేర్లు పిలిచానో లెక్కలేదు. పేర్లంటే నాకు ప్రాణం. అందుకే ఈ నెల శీర్షిక మొత్తం వాటికే ఇస్తున్నాను.

ప్రశ్న: మేడమ్, మాది జమ్మలమడుగు దగ్గర పల్లె. ఉద్యోగం బెంగళూరులో. రేనాటి చోళుల కాలం, అంటే సుమారు 1400 ఏళ్ళ కిందటి కథ రాస్తున్నాను. గండికోట కింద పెన్నా గండిలో, నీళ్ళ అడుగున ఒక జాతి ఉంటుంది. వాళ్ళు మనుషుల గొంతులు ఎత్తుకుపోయి దాచుకుంటారు. కథానాయకుడు పశువుల కాపరి కొడుకు. వాడికి ఆర్యన్ వర్మ అనీ, నాయికకు అనైరా అనీ, నీటిరాజుకు జల్‌కాసుర్ అనీ పెట్టాను. ఇంటర్నెట్‌లో అర్థాలు చూసే పెట్టాను. మా నాయన చదివి, "కతైతే బాగుంది గానీ ఈ పిల్లోడు మన పక్కూరోడు కాదురా" అన్నాడు. అప్పటి నుంచి టెన్షన్‌తో ఒక్క పేజీ కూడా ముందుకు పోలేదు.

జవాబు: నాయనా, మీ నాయన సరిగ్గా పట్టుకున్నారు. నువ్వు పేరుకు అర్థం వెతికావు. ఆ పేరు పెట్టిన మనిషిని వెతకలేదు. ఆ బిడ్డ పశువుల కొట్టంలోనో పక్కనో పుట్టాడు. పేరు పెట్టింది వాళ్ళమ్మా, జేజా, ఊరి అయ్యవారా? ఏ మొక్కు తీరిందని, ఏ భయం పోవాలని పెట్టారు? వర్మ అనేది ఆనాడు రాజులు తగిలించుకున్న మాట. పల్లవుల్లో సింహవర్మ, మహేంద్రవర్మ ఉన్నారు. రేనాటి చోళుల వంశంలోనే మొదట నందివర్మ కనిపిస్తాడు. కాపరి ఇంట్లో బిడ్డను వర్మా అని పిలిస్తే ఊరంతా తిరిగి చూస్తుంది. ఆ పిలుపు వెనక నీ కథలో ఏదైనా రహస్యం ఉంటే ఉంచుకో. లేకపోతే తీసెయ్.

నేను పనిచేసిన ఒక బళ్ళో తిప్పన్న అని ఒక పిల్లవాడు ఉండేవాడు. తిప్ప అంటే చెత్తకుప్ప కదా, తోటి పిల్లలు బాగా ఏడిపించేవాళ్ళు. పదో తరగతి సర్టిఫికెట్‌లోకి ఎక్కకముందే పేరు మారుద్దామని వాళ్ళమ్మను పిలిపించాను. ఆమె కొంగుతో కళ్ళు ఒత్తుకుంటూ చెప్పింది. వాడికి ముందు ముగ్గురు బిడ్డలు పురిట్లోనే పోయారట. వీడు పుట్టగానే మంత్రసాని చేటలో పెట్టి తీసుకుపోయి తిప్ప మీద పడుకోబెట్టింది. "ఈ బిడ్డ మాకొద్దు, పారేసినాము" అని అందరికీ వినపడేట్టు అరిచి, వేరే ఇంటామె చేత ఎత్తించి మళ్ళీ తెచ్చుకున్నారు. పారేసిన బిడ్డ జోలికి చావు రాదని వాళ్ళ నమ్మకం. "ఆ పేరుతోనే వాడు బతికినాడు మేడమ్. ఇప్పుడు మారిస్తే ఏమైతాదో" అంది. నేను రిజిస్టరు మూసేశాను. ఆమెను అడిగి, మరుసటి రోజు క్లాసులో ఆ కథ చెప్పాను. ఆ తర్వాత వాడిని ఎవరూ ఒక్క మాట అనలేదు.

పెంటయ్య, కుప్పమ్మ, తవుడిచ్చి కొన్నట్టు చేసి పెట్టిన తవిటయ్య, ఎంగిలి విస్తరి మీద పొర్లించి పెట్టిన పుల్లయ్య, పుల్లమ్మ... ఇవన్నీ ఆ దారిలో వచ్చిన పేర్లే. ఇప్పుడు వీటిని చూసి నవ్వుతున్నారు గానీ, వీటిలో ఉన్నంత ప్రేమ ఏ సంస్కృత సమాసంలోనూ నాకు కనపడలేదు. నీ కథకు ఇది ఎంత దగ్గరో చూడు. పెన్నలో గొంతులు ఎత్తుకుపోయే జాతి ఉందన్నావు. కాపరి కొడుక్కి ముందు పుట్టినవాళ్ళను వాళ్ళే తీసుకుపోయి ఉంటే, ఈసారి ఆ తల్లి ఏం పేరు పెడుతుంది? నీళ్ళకు అసహ్యం పుట్టే పేరు పెడుతుంది. బూడిద, దుమ్ము, ఎండు, బీడు, ఇట్లాంటి మాటల చుట్టూ తిరుగు. తడి తగలని పేరు దొరుకుతుంది.

ఇక కాలం సంగతి. కలమళ్ళ శాసనం ఎర్రగుంట్ల మండలంలోది, మా ప్రొద్దుటూరుకు ఎంతో దూరం లేదు. సుమారు క్రీ.శ. 575 నాటిదని చరిత్రకారులు చెబుతున్నారు. పూర్తిగా తెలుగులో రాసిన తొలి శాసనంగా మనం చెప్పుకునేది దాన్నే. అందులో రేనాడును, అంటే మన కడప చుట్టుపక్కల సీమను, ఏలే ఎరికల్ ముత్తురాజు ధనంజయుడు ఉన్నాడు. చిఱుంబూరికి చెందిన రేవణకాలు అనే మనిషి ఉన్నాడు. దాని తోడుదైన ఎర్రగుడిపాడు శాసనంలో కుండికాళ్లు అనే పేరు వినపడుతుంది. నెమ్మదిగా పైకి చదువు: రేవణకాలు, కుండికాళ్లు. మన పక్క ఊరి మనుషులు వీళ్ళు. రాజు పేరు సంస్కృతం, కింద పనిచేసేవాళ్ళ పేర్లు నేల వాసన. అదే వంశంలోని పుణ్యకుమారుడికి మాలెపాడు రాగిరేకుల్లో పోరుముఖరాముడని బిరుదు. పోరు మన మాట, మిగిలింది సంస్కృతం. యుద్ధానికి ఎదురు నిలిస్తే రాముడంతటివాడని అర్థం. ఒక బిరుదులో రెండు భాషలు ఇట్లా కావలించుకున్న కాలం అది. నీ కథలో కోటకు ఒక రకం పేర్లు, కొట్టానికి ఒక రకం పేర్లు ఉంటే, ఎవరు ఎక్కడివాళ్ళో పాఠకుడికి వివరించే పని తప్పుతుంది.

అర్థం ఒక్కటే చూడకు, చివరి అక్షరం కూడా చూడు. మనది అజంత భాష. పాత తెలుగు పేరు అచ్చుతో ఆగుతుంది: తిమ్మ, బుక్క, ప్రోల, బేత, వేమన, మొల్ల. ఆర్యన్, జల్‌కాసుర్ అని హల్లు దగ్గర ఆపేస్తే దూరంగా ఉన్నవాడిని పిలవడానికి సాగదీసే చోటే ఉండదు. నేను కథ రాసేటప్పుడు సాయంత్రం మిద్దె ఎక్కి నా పాత్రల్ని పేరు పెట్టి పిలుస్తాను, వీధి చివర దాకా పోతుందో లేదో చూసుకుంటాను. నీకు అంతకంటే మంచి చోటు ఉంది. సంక్రాంతికి ఊరికి వచ్చినప్పుడు గండికోట అంచున నిలబడి అవతలి గట్టు మీదున్న ఎవరినో పిలిచినట్టు పిలిచి చూడు. "రేవణా..." అంటే ఆ చివరి దీర్ఘం గండి దాటి పోయి తిరిగి వస్తుంది. పైగా నీ నీటిజాతి ఎత్తుకుపోయేది గొంతులనే కదా. ఎవరైనా గండి అంచున బిడ్డను పేరు పెట్టి పిలిచినప్పుడు తిరిగొచ్చే ప్రతిధ్వనిలో ఆ చివరి దీర్ఘం లేకపోతే? నాకు ఇది రాస్తుంటేనే ఒళ్ళు జలదరించింది.

అనైరా తెలుగు నోట పుట్టిన మాటలా లేదు. ఆ పిల్ల తల్లి కుండలు చేస్తుందని ఉత్తరంలో ఒకచోట రాశావు. కుండ, కుంద, కుందమ, ఇంకా కుందూ నది ఉండనే ఉంది. అక్కడ వెతుకు.

నీటిరాజు గురించి మాత్రం ఒక మాట చెప్పాలని ఉంది. ఆ కాలపు శాసనాల్లో ఒక అక్షరం ఉంది: ఴ. (కొన్ని ఫోన్లలో ఇది గడిలా కనపడవచ్చు.) నాలుక వెనక్కి మడిచి పలికే శబ్దం. తమిళులు కోడిని, పండును పిలిచే మాటల్లో ఇప్పటికీ పలుకుతారు. చోళుల పేరు కూడా ఆ అక్షరంతోనే రాసేవాళ్ళు: చోఴ. మన నోట అది మెల్లగా డ, ళ, ర లలో కలిసిపోయింది. తమిళం ఏఴు మనకు ఏడు. నన్నయ కాలం వచ్చేసరికి ఆ అక్షరం తెలుగు రాతలోనే లేకుండా పోయింది. నాయనా, మనుషులు పోగొట్టుకున్న గొంతులను దాచుకునే జాతి నీది. మనం పోగొట్టుకున్న ఆ అక్షరం ఎవరి దగ్గర ఉండాలి? వాళ్ళ పేర్లన్నిటిలో ఆ ఒక్క అక్షరం పెట్టు. రాజు పేరు ఏఴుమడుగు. మీ జమ్మలమడుగులో ఉన్న మడుగే అది. ఆ పేరు నోరు తిరిగేట్టు పలకగలిగిన ముసలామె ఒక్కతే ఊళ్ళో మిగిలి ఉంటుంది. ఆమె చనిపోయిన రాత్రి నుంచి కథ మొదలుపెట్టవచ్చు.

పేర్ల కోసం బేబీ నేమ్స్ వెబ్‌సైట్లు వదిలెయ్. సెలవులకు వచ్చినప్పుడు కడపలో సి.పి. బ్రౌన్ భాషా పరిశోధన కేంద్రానికి పో. బ్రౌన్ దొర ఉన్న బంగళా చోటే అది. మెకంజీ దొర రాయించిన మన జిల్లా కైఫియత్తులు, అంటే ఊళ్ళ చరిత్రల రాతలు, అక్కడ చదువుకోవచ్చు. చెరువు తవ్వించినవాళ్ళు, ఊరు కట్టినవాళ్ళు, పొలం గట్టు తగాదా పడ్డవాళ్ళు, అందరి పేర్లూ వాటిలో దొరుకుతాయి. అవి నీ కథాకాలానికి వెయ్యేళ్ళ తర్వాత రాసినవి కాబట్టి ఏ పేరు ఏ కాలానిదో జల్లెడ పట్టుకో. పురావస్తు శాఖ అచ్చువేసిన కడప జిల్లా శాసన సంపుటాలు ఆ పనికి తోడు వస్తాయి. ఒక్క ఉదాహరణ చెబుతాను. తిరుమల, వెంకట అనే మాటలతో వచ్చే పేర్లు విజయనగర రాజుల కాలంలో బాగా పెరిగాయి. 600లో రేనాటి పల్లెలో వెంకటప్ప ఎదురైతే నేను పుస్తకం పక్కన పెట్టేస్తాను.

ప్రశ్న: నేను అనంతపురంలో డిగ్రీ చదువుతున్నాను. నా కథలో నాయిక విజయనగర కాలంలో ఒక పెద్ద చెరువుకు కాపలా కాసే అమ్మాయి. చెరువు ఆమెతో మాట్లాడుతుంది. ధైర్యం, త్యాగం అనే అర్థం వచ్చే పాత కాలపు పేరు ఒకటి చెప్పండి అమ్మా.

జవాబు: తల్లీ, మీ ఊరి పక్కనే బుక్కరాయసముద్రం ఉంది. చెరువు కట్ట తెగుతున్నప్పుడు ఊరి కోసం ప్రాణం ఇచ్చిన కోడలి కథ అక్కడ ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆమె పేరు ముసలమ్మ. పడుచు పిల్ల, పేరేమో ముసలమ్మ. ఇంట్లో పెద్దావిడ పేరో, గ్రామదేవత పేరో పెట్టి ఉంటారు. ఆ పేరుకు ధైర్యమని అర్థం ఏ నిఘంటువులోనూ లేదు. కానీ ఆ కట్ట మీద నిలబడి ముసలమ్మ అన్నప్పుడు ఎవరికైనా ధైర్యమే గుర్తుకొస్తుంది. నీ నాయికకు ధైర్యలక్ష్మి అని పెట్టావనుకో, ఆమె చేయబోయేది మొదటి పేజీలోనే చెప్పేసినట్టు. మామూలు పేరు పెట్టి, కథ చివరికి ఆ పేరుకు కొత్త అర్థం వచ్చేట్టు చెయ్యి.

ఆ కాలపు ఆడవాళ్ళ పేర్లలో అంతస్తులు స్పష్టంగా ఉంటాయి. రాణులు తిరుమలదేవి, చిన్నాదేవి, వరదాంబిక. అన్నమయ్య ఇంట్లో తల్లి లక్కమాంబ, భార్యలు తిమ్మక్క, అక్కలమ్మ. తొలి తెలుగు కవయిత్రిగా చెప్పుకునే తాళ్ళపాక తిమ్మక్కకే తిరుమలమ్మ అనే పేరు కూడా వాడుకలో ఉంది. రాతలో తిరుమలమ్మ, పిలుపులో తిమ్మక్క. కుమ్మరి ఇంటి కవయిత్రి ఆతుకూరి మొల్లకు పువ్వు పేరు, ఒక రకం మల్లె. ఒక్క మనిషికి ఇంట్లో ఒక పేరు, ఊళ్ళో ఒక పేరు, రాయి మీద ఒక పేరు ఉండవచ్చు. నీ చెరువు ఆమెను ఈ మూడింటిలో దేనితో పిలుస్తుంది? నాకైతే, అమ్మ చనిపోయాక ఎవరూ పిలవని ముద్దుపేరుతో పిలిస్తే బాగుంటుందనిపిస్తుంది.

ఇది నాకు తగిలే విషయం కాబట్టి ఇంకొంచెం రాస్తాను. నేను పుట్టక ముందు మా అమ్మ అహోబిలం నరసింహస్వామికి మొక్కుకుంది. ఆయన్ను మా వైపు ఓబులేసు అంటారు. అందుకని నాకు ఓబులమ్మ అని పెట్టారు. బళ్ళో చేర్పించిన రోజు అక్కడి అయ్యవారు, "ఇదేం పేరు, మోటుగా ఉంది" అని తనకు తోచిన పేరు ఒకటి రాసేశారు. మా నాయనకు ఎదురు చెప్పడానికి నోరు రాలేదు. ఉద్యోగం, పెన్షన్, ఓటరు కార్డు అన్నీ ఆ రాసిన పేరుతోనే నడిచాయి. మా అమ్మ మాత్రం కన్నుమూసే దాకా ఓబులమ్మా అనే పిలిచింది. ఆ పిలుపు ఆగిపోయి పన్నెండేళ్ళయింది. ఇప్పుడు నా కథల్లో కనీసం ఒక ఓబులమ్మ ఉంటుంది. నీ కథలోని అమ్మాయి పేరును ఎవరూ మోటు అనకుండా చూసుకో తల్లీ. ఎవరైనా అంటే, ఆ మాట ఆమెకు ఎక్కడ తగిలిందో రాయి.

ప్రశ్న: మాది కడప. పెద్ద దర్గా వీధుల్లో పెరిగినవాణ్ణి. 1440 ప్రాంతంలో విజయనగర సైన్యంలో ఇద్దరు స్నేహితుల కథ రాస్తున్నాను. ఒకడు ముస్లిం. వాడికి ఏ పేరు పెట్టినా చదివినవాళ్ళు విలన్ అనుకుంటారేమోనని భయంగా ఉంది. వాడు ఈ నేల మనిషి అని పేరులోనే తెలియాలి.

జవాబు: మీ భయం నాకు అర్థమైంది. చరిత్ర మీ వైపే ఉంది. రెండవ దేవరాయల సైన్యంలో ముస్లిం యోధులు ఉన్నారు. ఆ రాజు పుణ్యం కోసం అహ్మద్ ఖాన్ అనే సేనాని 1439లో ధర్మశాల కట్టించినట్టు హంపిలో శాసనం ఉంది. మసీదులా కనిపించే ఆ కట్టడాన్ని శాసనం ధర్మశాల అంటుంది. మీ స్నేహితులిద్దరూ దాని గోడ నీడలో కూర్చుని మాట్లాడుకోవచ్చు.

పేరుకు వస్తే, నాకు మొదట తోచేది దస్తగిరి. బాగ్దాద్ మహాత్ముడు అబ్దుల్ ఖాదర్ జీలానీ గారి బిరుదు అది. పారశీకంలో దస్త్ అంటే చేయి. చేయి పట్టుకుని ఆదుకునేవాడని అర్థం. స్నేహితుడికి ఇంతకంటే మంచి పేరు ఏముంది? రాయలసీమలో హిందువుల ఇళ్ళలో కూడా దస్తగిరి, మస్తానయ్య, ఫకీరప్ప అనే పేర్లున్న సంగతి మీకు నేను చెప్పక్కరలేదు. నా హాజరుపట్టీలో దస్తగిరి అని పిలిస్తే రెండు బెంచీల నుంచి ఇద్దరు లేచేవాళ్ళు. ఒకడు సాయిబుల పిల్లవాడు, ఒకడు రెడ్ల పిల్లవాడు. ఇద్దరూ ఒకే దర్గాలో మొక్కితే పుట్టినవాళ్ళు.

కుళ్ళాయప్ప అనే పేరూ ఉంది. అనంతపురం జిల్లా గూగూడులో మొహర్రానికి కుళ్ళాయిస్వామి దగ్గరికి అన్ని కులాలవాళ్ళూ పోతారు, బిడ్డలకు ఆ పేరు పెట్టుకుంటారు. కుళ్ళాయి అంటే టోపీ. శ్రీనాథుడు దేవరాయల కొలువుకు పోయినప్పుడు కుళ్ళాయి పెట్టుకున్నట్టు ఆయన పేర ఒక చాటువు చెబుతారు. ఆ లెక్కన ఈ మాట మీ కథాకాలంలో చెల్లుతుంది. అయితే దాన్ని వాడి మారుపేరుగా వాడండి, టోపీ పెట్టుకుంటాడని తోటి సైనికులు పిలిచినట్టుగా. బ్రహ్మంగారి శిష్యుడు సిద్ధయ్యను కూడా గుర్తుపెట్టుకోండి. దూదేకుల ఇంట పుట్టినవాడు, పేరు సిద్ధయ్య. ఆయన మీ కథ తర్వాతి కాలం మనిషే, కానీ ఈ నేల మీద పేర్లు మతాల గట్లు ఎట్లా దాటాయో ఆయనే సాక్ష్యం.

ప్రశ్న: కర్నూలు నుంచి రాస్తున్నాను. మనుషుల పేర్లు కుదిరాయి. నా కథలో ఊళ్ళకు, కోటలకు, గుర్రానికి, కత్తికి పేర్లు కావాలి. చంద్రగఢ్, సూర్యనగర్ లాంటివి రాసుకున్నాను గానీ తృప్తి లేదు.

జవాబు: మీ ఊరి పేరే పాఠం. అలంపురం గుళ్ళకు రాళ్ళు మోసిన బండ్లు తుంగభద్ర దాటే ముందు ఇక్కడ ఆగి ఇరుసులకు కందెన వేసుకునేవని, అందుకే కందనవోలు అయిందని చెప్పుకుంటారు. మా కడపను తిరుమలకు గడప అంటారు. ఒకటి బండి ఇరుసు, ఒకటి ఇంటి గడప. సూర్యుడూ చంద్రుడూ ఎక్కడా లేరు. మీ ఊళ్ళో జనం ఏం పని చేస్తారు, ఏ వస్తువు లేకపోతే ఆ ఊరు ఆగిపోతుంది అని అడగండి, పేరు అక్కడి నుంచి వస్తుంది. గఢ్ మన మాట కాదు. దుర్గం, కోట, కొండ, బురుజు, పాడు, పల్లె, మడుగు, వోలు ఉన్నాయి కదా.

ఇంకొకటి. మన కరువు సీమలో చెరువులకు పెట్టిన పేర్లు చూడండి. బుక్కరాయసముద్రం, అనంతసాగరం. మా జిల్లా పోరుమామిళ్ళలో బుక్కరాయల కొడుకు భాస్కర భవదూరుడు చెరువు కట్టించి 1369లో శాసనం వేయించాడు. దాని పేరు అనంతరాజసాగరం. వెయ్యి మంది మనుషులు, వంద బండ్లు, రెండేళ్ళ పని అని ఆ శాసనంలోనే ఉంది. వానకు మొహం వాచిన మనిషి ఒక గట్టు కట్టి నీళ్ళు నిలబెట్టి దాన్ని సముద్రం అని పిలుచుకున్నాడు. ఫాంటసీ మన ఊరి బోర్డుల మీదే ఉందని నేను పిల్లలకు చెప్పేదాన్ని.

గుర్రం పేరు దాని రంగు నుంచో, కొన్న చోటి నుంచో, కరిచిన మనిషి నుంచో రానివ్వండి. గుర్రాలు చూసుకునే అధికారిని సాహిణి అనేవాళ్ళు. కాకతీయుల కాలంలో మా వల్లూరు నుంచి ఏలిన కాయస్థ నాయకుడు గంగయ సాహిణి పేరులోనే అది ఉంది. కత్తికి పేరు లేకపోయినా నష్టం లేదు.

ప్రశ్న: ప్రతినాయకుడి పేరు వినగానే భయం పుట్టాలంటే ఏం చేయాలి? (రాయచోటి)

జవాబు: కన్నవాళ్ళు ఎవరూ బిడ్డకు చెడ్డ పేరు పెట్టరు. దుర్యోధనుడంటే యుద్ధంలో గెలవడం కష్టమైనవాడు, అది తండ్రి గర్వంగా చెప్పుకునే పేరు. మీ ప్రతినాయకుడికి కథలో అందరికంటే ముద్దైన పేరు పెట్టండి. వాడి తల్లి ఆ పేరుతో పిలిచే ఘట్టం ఒకటి రాయండి. ఒంటిమిట్ట పేరు ఒంటుడు, మిట్టుడు అనే ఇద్దరు దొంగల నుంచి వచ్చిందని స్థలపురాణం. మారిన తర్వాత వాళ్ళు రాముడి గుడికి సేవ చేశారట. దొంగల పేర్లు కోదండరాముడి ఊరికి నిలిచిపోయాయి. భయం పేరులో పెట్టకండి, వాడు చేసే పనిలో పెట్టండి.

ప్రశ్న: ఒకే ఇంట్లో అన్నదమ్ములకు ధనంజయ, ధర్మవీర, ధరణీధర అని పెట్టాను. బాగుందా? (ఆదోని)

జవాబు: వినడానికి బాగుంది. చదివేటప్పుడు ఎవరు ఎవరో తెలియదు. ఇద్దరి పేర్లు మార్చండి.

ప్రశ్న: నేను తొమ్మిదో తరగతి. మాది నంద్యాల. నల్లమలలో రాళ్ళను తినే పెద్ద పాము గురించి కథ రాస్తున్నా టీచర్. దానికి భయంకర నాగాసుర అని పేరు పెట్టా. మా అన్న నవ్వుతున్నాడు. వేరే పేరు చెప్పండి.

జవాబు: నవ్వనీ నాన్నా, నువ్వు రాయడం ఆపకు. ఒక్క సంగతి ఆలోచించు. రాత్రిపూట మీ ఇంట్లో పాము అనే మాట అంటారా? మా జేజి అననిచ్చేది కాదు. పురుగు అనమనేది. అంటే వస్తుందని భయం. ఒంటి మీద పొక్కులు పోస్తే జబ్బు పేరు చెప్పకుండా అమ్మవారు పోసింది అంటారు. బాగా భయపడినదాన్ని మనవాళ్ళు అసలు పేరుతో పిలవరు, చిన్న మాటతో, మర్యాద మాటతో పిలుస్తారు. నీ కథలో అడవి అంచున ఉన్న ఊరివాళ్ళు ఆ పామును పగలు ఏమంటారు? దీపాలు పెట్టాక ఏమంటారు? దాన్ని ఒకసారి చూసి బతికి వచ్చిన తాత ఏమంటాడు? మూడూ వేరువేరుగా రాసుకో. మీ జేజినో అవ్వనో కూడా అడుగు, వాళ్ళు చీకటి పడ్డాక ఇంకా ఏయే మాటలు అనేవాళ్ళు కాదో. ఆ మాటలన్నీ రాసి నాకు ఉత్తరం పంపు. వచ్చే నెల ఇక్కడే అచ్చు వేయిస్తాను.